ఫోరెన్సిక్ బయాలజీ: నేరస్థుణ్ని, మృతుణ్ని ఎలా గుర్తిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేరం జరిగిన చోట దొరికిన రక్తపు చుక్క, వెంట్రుక, ఎముక ముక్క నుంచి మనిషిని ఎలా పోల్చుకుంటారో చాలామందికి తెర మీద చూసి తెలిసిందే. అక్కడ అరగంటలో తేలిపోయే విషయం ల్యాబ్‌లో ఎలా నడుస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఇక్కడ రాస్తున్నాను. తప్పిపోయిన మనిషి కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు పనికొచ్చే జవాబులు రెండో సగంలో ఉన్నాయి. మీది ఆ పరిస్థితి అయితే నేరుగా అక్కడికే వెళ్లండి.

ఫోరెన్సిక్ బయాలజీలో ఏమేం వస్తాయి?

ప్రాణం ఉన్నదాని నుంచి వచ్చిన ఏ ఆనవాలైనా దీని కిందికే వస్తుంది. రక్తం, లాలాజలం, వీర్యం, చర్మకణాలు, వెంట్రుకలు, ఎముకలు, పళ్లు. వీటితోపాటు శవం మీద చేరిన పురుగులు, బట్టలకు అంటుకున్న పుప్పొడి, పెంపుడు జంతువుల బొచ్చు కూడా. పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ పని వేరు, విషాలు పరీక్షించే విభాగం వేరు. "ఇది ఎవరిది?" అన్న ప్రశ్నకు జవాబు వెతకడమే బయాలజీ విభాగం ముఖ్యమైన పని.

చొక్కా మీద ఎర్రటి మరక ఉంది. ల్యాబ్‌లో మొదట ఏం చేస్తారు?

మొదట అది రక్తమో కాదో చూస్తారు. మరక మీద వడపోత కాగితం అంచు రుద్ది, దాని మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం ఒక చుక్క, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేస్తారు. వెంటనే గులాబీ రంగు వస్తే రక్తం అయ్యే అవకాశం ఉంది. "అవకాశం" అనే అంటారు, ఎందుకంటే కొన్ని కూరగాయల రసాలు, కొన్ని లోహాలు కూడా ఇలాంటి పరీక్షలకు రంగు ఇవ్వగలవు. రక్తం జాడ తగిలితే చీకట్లో నీలంగా వెలిగే లూమినాల్ అనే రసాయనం సంగతీ అంతే. బ్లీచ్‌తో కడిగిన నేల మీద చల్లినా వెలుగుతుంది.

తర్వాతి మెట్టు: అది మనిషి రక్తమేనా? 1901లో జర్మనీలో పాల్ ఉలెన్‌హుత్ మనిషి రక్తాన్నీ జంతువు రక్తాన్నీ వేరుచేసే పరీక్ష కనిపెట్టేదాకా "అది మేక రక్తం" అని నిందితుడు అంటే కాదని నిరూపించే దారి ఉండేది కాదు. దాదాపు అదే సమయంలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులను గుర్తించాడు. కానీ గ్రూపు ఒకటే అయినంత మాత్రాన మనిషి అతనే అని చెప్పలేం, లక్షల మందికి అదే గ్రూపు ఉంటుంది. గ్రూపు కలవకపోతే మాత్రం ఆ రక్తం అతనిది కాదని గట్టిగా చెప్పొచ్చు. "కాదు" అని చెప్పడంలో ఈ శాస్త్రం మొదటి నుంచీ బలంగానే ఉంది. "అవును" అని చెప్పగలగడానికే డీఎన్‌ఏ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత మరకలోంచి చిన్న ముక్క కత్తిరించి డీఎన్‌ఏ తీస్తారు. చాలామందికి తెలియని విషయం: ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, కాబట్టి ఈ పనికి కావలసిన డీఎన్‌ఏ వాటిలో ఉండదు. అది వచ్చేది తెల్లకణాల నుంచి. ఒక్క కణంలో ఉండే డీఎన్‌ఏ దాదాపు 6 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతులు ఆరు. అంత కొంచెంతో ఏమీ కనిపించదు కనుక పీసీఆర్ అనే పద్ధతిలో కావలసిన ముక్కలను మళ్లీమళ్లీ రెట్టింపు చేస్తారు. లెక్క ప్రకారం 28 సార్లు రెట్టింపైతే ఒక ముక్క దాదాపు 27 కోట్లు అవుతుంది. మన శక్తి అంతా ఇందులోనే ఉంది, మన ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. పొరపాటున నమూనాలో పడిన వేరేవాళ్ల కణం కూడా అలాగే పెరుగుతుంది మరి.

డీఎన్‌ఏ ప్రొఫైల్ తీస్తే నా జబ్బులు, జాతకం అంతా తెలిసిపోతుందా?

మామూలు ప్రొఫైల్‌తో తెలియదు. మనుషులందరి డీఎన్‌ఏ దాదాపు 99.9 శాతం ఒకటే. తేడా ఉన్న కొన్ని చోట్లనే ల్యాబ్ చూస్తుంది. ఆ చోట్ల నాలుగైదు అక్షరాల చిన్న ముక్క వరసగా తిరిగి తిరిగి వస్తుంది. ఒకరికి 11 సార్లు, ఇంకొకరికి 14 సార్లు. ప్రతి చోటా తండ్రి నుంచి ఒక సంఖ్య, తల్లి నుంచి ఒక సంఖ్య ఉంటాయి. ప్రొఫైల్ అంటే ఈ సంఖ్యల జాబితా, దాంతోపాటు ఆడో మగో చెప్పే ఒక గుర్తు. అమెరికా జాతీయ డేటాబేస్ 1998లో 13 చోట్లతో మొదలైంది, 2017 నుంచి 20 చోట్లు చూస్తున్నారు.

అయితే కళ్ల రంగు, జుట్టు రంగు అంచనా వేసే పరీక్షలు వేరుగా ఉన్నాయి. నిందితుడు ఎవరో బొత్తిగా తెలియనప్పుడు, చట్టం ఒప్పుకునే చోట్ల వాటిని వాడతారు.

డీఎన్‌ఏతో పట్టుబడిన మొదటి హంతకుడు ఎవరు?

1984 సెప్టెంబర్ 10న ఇంగ్లండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్ర పద్ధతిని కనుగొన్నాడు. ఆ ఊరికి దగ్గర్లోనే 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇద్దరు 15 ఏళ్ల అమ్మాయిలు అత్యాచారానికి గురై హత్యకు గురయ్యారు. 17 ఏళ్ల కుర్రాడొకడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. మొదటిది కూడా అతని పనే అయి ఉంటుందని, అది నిరూపించమని పోలీసులు జెఫ్రీస్‌ను అడిగారు. ఫలితం వేరేలా వచ్చింది. రెండు నేరాలూ చేసింది ఒక్కడే, కానీ ఆ ఒక్కడు ఈ కుర్రాడు కాదు.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు 5,000 మంది మగవాళ్ల నమూనాలు సేకరించారు. కోలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు తోటి ఉద్యోగిని పంపి రక్తం ఇప్పించాడు. ఆ సంగతి ఒక పబ్‌లో కబుర్ల మధ్య బయటపడింది. 1987లో అరెస్టయ్యాడు, 1988లో యావజ్జీవ శిక్ష పడింది.

ఈ కేసును అందరూ హంతకుడు దొరికిన కథగానే చెప్తారు. నాకు మాత్రం అంతకంటే ముఖ్యంగా అనిపించేది, డీఎన్‌ఏ అందులో మొదట కాపాడింది ఒక నిర్దోషిని అన్న విషయం. చేయని నేరాన్ని కూడా మనుషులు ఒప్పుకుంటారని ఈ కేసు చూపించింది. 1992లో అమెరికాలో మొదలైన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన నిర్దోషులను బయటికి తెచ్చింది కూడా ప్రధానంగా ఈ పరీక్షతోనే.

డీఎన్‌ఏ కలిసిందంటే నేరం చేసింది అతనే కదా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

డీఎన్‌ఏ "ఎవరిది" అన్నదానికే జవాబు చెప్తుంది. అది అక్కడికి ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది అన్నవి చెప్పదు. 2012లో కాలిఫోర్నియాలో హత్యకు గురైన ఒకాయన గోళ్ల కింద ఒక మనిషి డీఎన్‌ఏ దొరికింది. ఆ మనిషి నెలల తరబడి జైల్లో ఉన్నాడు. చివరికి చూస్తే, హత్య జరిగిన రాత్రి అతను తప్పతాగి ఆస్పత్రిలో పడి ఉన్నాడు. అతన్ని అంబులెన్స్‌లో తీసుకెళ్లిన సిబ్బందే, తర్వాత హత్య జరిగిన ఇంటికి కూడా వెళ్లారు. వాళ్ల ద్వారానే అతని కణాలు అక్కడికి చేరాయని తేలింది.

జర్మనీలో జరిగింది ఇంకా పెద్ద విషయం. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 ఘటనా స్థలాల్లో ఒకే మహిళ డీఎన్‌ఏ దొరుకుతూ వచ్చింది. హత్యల నుంచి చిల్లర దొంగతనాల దాకా అన్నింట్లోనూ ఆమే. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక పోలీసు అధికారిణి హత్య తర్వాత వేట ముమ్మరమైంది. 2009లో తేలిందేమిటంటే ఆ డీఎన్‌ఏ నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసిన ఒక కార్మికురాలిది! పుల్లలు క్రిములు లేకుండా శుద్ధి చేసినవే. కానీ క్రిములు చచ్చినంత మాత్రాన డీఎన్‌ఏ పోదు. ఈ తేడా కోసమే 2016లో డీఎన్‌ఏ సేకరణ సామగ్రికి ప్రత్యేకంగా అంతర్జాతీయ ప్రమాణం తెచ్చారు.

అందుకే ఘటనా స్థలానికి వెళ్లినవాళ్లు, ల్యాబ్ సిబ్బంది తమ ప్రొఫైళ్లు కూడా ఇచ్చి ఉంచాలి. ముందు వాళ్లవి కావని తేల్చుకున్నాకే మిగతా మాట.

"కోట్ల మందిలో ఒకరికే ఉంటుంది" అని రిపోర్టులో రాస్తారు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

అన్ని చోట్లా స్పష్టంగా వచ్చిన పూర్తి ప్రొఫైల్ అయితే, అది యాదృచ్ఛికంగా వేరొకరితో కలిసే అవకాశం లేదనే అనుకోవచ్చు. చిక్కు సగం సగం వచ్చిన ప్రొఫైళ్లతోనే. ఉదాహరణకు పాడైపోయిన నమూనాలో కొన్ని చోట్లే చదవగలిగారు, అలాంటి ప్రొఫైల్ 10 లక్షల మందిలో ఒకరికి ఉంటుందని లెక్క తేలింది అనుకోండి. వినగానే "అయితే ఇతను నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటే" అనిపిస్తుంది. అది తప్పు. కోటి మంది ఉన్న ప్రాంతంలో అదే ప్రొఫైల్ దాదాపు పది మందికి ఉంటుంది. మిగతా సాక్ష్యం ఏదీ లేకపోతే ఇతను ఆ పది మందిలో ఒకడు, అంతే. కోర్టుల్లో ఈ పొరపాటు మళ్లీమళ్లీ జరుగుతూనే ఉంది.

ఇద్దరు ముగ్గురి డీఎన్‌ఏ కలిసిపోయిన నమూనాలైతే మరీ కష్టం. వాటికి సాఫ్ట్‌వేర్ వాడి, "ఇతని డీఎన్‌ఏ ఇందులో ఉందనుకుంటే ఈ ఫలితం రావడానికి, లేదనుకుంటే రావడానికి ఎంత తేడా" అని లెక్కిస్తారు. మిశ్రమ నమూనా మీద ఆధారపడిన రిపోర్టు చూస్తే, అందులో ఎంతమంది ఉన్నారని అనుకుని లెక్క వేశారో తప్పకుండా అడగాలి.

కవలల సంగతేమిటి?

ఒకే అండం నుంచి పుట్టిన కవలలను మామూలు ప్రొఫైల్ విడదీయలేదు. మొత్తం జీనోమ్‌ను, అంటే డీఎన్‌ఏ అంతటినీ, లోతుగా చదివితే అరుదైన చిన్న మార్పులు దొరకొచ్చు, కానీ అది ఖర్చుతో కూడిన పని. వాళ్ల వేలిముద్రలు మాత్రం వేరుగానే ఉంటాయి. ఇంకో విచిత్రం: ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ల రక్తంలో దాత డీఎన్‌ఏ ఉంటుంది, వెంట్రుకల్లో సొంతది ఉంటుంది.

నేరస్థుడి వివరాలు డేటాబేస్‌లో లేకపోతే?

చాలాకాలం అక్కడితో ఆగిపోయేది. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జోసెఫ్ జేమ్స్ డి ఏంజెలో అరెస్టుతో పరిస్థితి మారింది. 1970లు, 80లలో వరసగా అత్యాచారాలు, హత్యలు చేసి దశాబ్దాలు దొరకకుండా తిరిగినవాడు. పాత నమూనా నుంచి తీసిన డీఎన్‌ఏ సమాచారాన్ని, జనం తమ వంశవృక్షాల కోసం వాడుకునే జీఈడీమ్యాచ్ అనే వెబ్‌సైట్‌లో పోల్చారు. దూరపు చుట్టాలు కలిశారు. అక్కడి నుంచి కుటుంబ చరిత్రలు తవ్వి, వయసు, ఊరు సరిపోయే మనిషి దగ్గరికి చేరారు. అతను వాడి పారేసిన వస్తువుల నుంచి కొత్త నమూనా తీసి సరిచూసుకున్నారు. 2020లో నేరాలు ఒప్పుకున్నాడు.

ఈ దారి పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మీరు ఇచ్చిన ఉమ్మి మీరు ఎప్పుడూ చూడని చుట్టాన్ని కూడా పోలీసుల ముందుకు తేగలదు. అంత శక్తి ఉన్న పద్ధతిని ఘోరమైన నేరాలకే, చట్టం గీసిన గీత లోపలే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం.

వెంట్రుకలు, పంటిగాట్లు చూసి మనిషిని చెప్పేస్తారట. నిజమేనా?

మైక్రోస్కోప్‌లో రెండు వెంట్రుకలు ఒకేలా ఉన్నాయని చెప్పి మనుషులను జైలుకు పంపిన రోజులున్నాయి. తమ నిపుణులు అలా ఇచ్చిన పాత సాక్ష్యాలను పరిశీలిస్తే, చూసినవాటిలో కనీసం 90 శాతం వాంగ్మూలాల్లో తప్పు మాటలు ఉన్నాయని 2015లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ స్వయంగా ఒప్పుకుంది. పంటిగాటు పోల్చి ఇది ఫలానా మనిషిదే అనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. కుదురుతో సహా ఊడిన వెంట్రుక నుంచి, గాటు చుట్టూ మిగిలిన లాలాజలం నుంచి డీఎన్‌ఏ తీస్తే అది వేరే విషయం.

లైంగిక దాడి తర్వాత స్నానం చేసేస్తే ఇక ఆధారాలు దొరకవా?

దొరకవచ్చు. దయచేసి ఆ కారణంతో ఆగిపోకండి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది, 72 గంటలలోపు అయితే ఇంకా మేలు. కానీ 5 రోజుల వరకు కూడా చాలాచోట్ల నమూనాలు తీస్తారు. బాధితురాలి కణాల నుంచి వీర్యకణాలను వేరుచేసే పద్ధతి 1985 నుంచే ఉంది. వీర్యకణాలు లేకపోయినా మగవాళ్లకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్‌ను విడిగా వెతకొచ్చు. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా, ఒక్కోటి ఒక్కో కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో వద్దు, తేమ చేరి బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఇంకో మాట: ఆధారం దొరక్కపోతే దాడి జరగలేదని అర్థం కాదు.

మృతదేహాన్ని ఇంట్లోవాళ్లు చూసి గుర్తుపడితే చాలదా? ఇన్ని పరీక్షలు ఎందుకు?

చాలదు. పెద్ద ప్రమాదాల తర్వాత ముఖం ఉబ్బుతుంది, రంగు మారుతుంది. దుఃఖంలో, షాక్‌లో ఉన్న తల్లి కళ్లు "మా వాడే" అనో "కాదు, మా వాడు బతికే ఉన్నాడు" అనో చూస్తాయి. ఒక్క దేహం తప్పుగా అప్పగిస్తే నష్టపోయేది రెండు కుటుంబాలు. అందుకే అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ మార్గదర్శకాల్లో మూడే ప్రధాన గుర్తులు: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. బట్టలు, నగలు, పచ్చబొట్లు తోడుగా పనికొస్తాయి. శరీరంలో అమర్చిన కీలు, పేస్‌మేకర్‌ల మీద సీరియల్ నంబర్ ఉంటే అది చాలా విలువైన ఆధారం.

అన్నిటికీ డీఎన్‌ఏనే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. 2004 సునామీ తర్వాత థాయ్‌లాండ్‌లో మొదటి నెలల్లో ఎక్కువమందిని గుర్తించింది పళ్ల రికార్డులతోనే.

మా ఇంటి మనిషి తప్పిపోయాడు. మేం ఏమి ఇవ్వాలి?

అన్నిటికంటే మంచిది ఆ మనిషే వాడిన వస్తువు: టూత్‌బ్రష్, రేజర్, కుదుళ్లు అంటుకుని ఉన్న దువ్వెన. కడగకండి, తుడవకండి, ఇంట్లో ఇంకెవరైనా వాడి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి. తండ్రీకొడుకులు ఒకే రేజర్ వాడితే ఫలితం తారుమారవుతుంది.

చుట్టాల నమూనాల్లో తల్లిదండ్రులవి, సొంత పిల్లలవి బలమైనవి, ఎందుకంటే సగం డీఎన్‌ఏ నేరుగా వాళ్లతో పంచుకున్నదే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కరే ఉంటే లెక్క కొంచెం బలహీనం, ఇద్దరు ముగ్గురు ఇస్తే మెరుగు. భార్య నమూనా ఒక్కటే పనికిరాదు, కానీ బిడ్డ నమూనాతో కలిపితే బిడ్డలో తల్లి వాటా తీసేసి తండ్రి వాటా ఏదో తేల్చవచ్చు. పాత పళ్ల ఎక్స్‌రేలు, పళ్లు కనిపించేలా నవ్విన ఫోటోలు, ఆపరేషన్ కాగితాలు కూడా వెతికి పెట్టండి.

ఒక సున్నితమైన విషయం. తండ్రి అనుకున్న మనిషి రక్తసంబంధంలో తండ్రి కాదని ఈ పరీక్షల్లో బయటపడవచ్చు. దత్తత సంగతి గానీ ఇంకేదైనా గానీ మీకు తెలిస్తే నమూనా తీసుకునే అధికారికి ఏకాంతంగా చెప్పండి. చెప్పకపోతే మీ మనిషి ఎదురుగా ఉన్నా "కలవలేదు" అని రావచ్చు.

ఎముకలే మిగిలితే?

ముందు అవి మనిషివేనా అని చూస్తారు. తర్వాత కటి ఎముకను బట్టి ఆడా మగా, తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు అంచనా వేస్తారు. వయసుకు ఎముకల చివర్లు అతుక్కున్న తీరు చూస్తారు. జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) రొమ్ము వైపు కొస ఇరవైల చివరి వరకు పూర్తిగా అతుక్కోదు. యుక్తవయసు రాని పిల్లల ఎముకల్లో ఆడా మగా తేడా నమ్మకంగా చెప్పలేం. పుర్రె మీద ఫోటోను ఉంచి పోల్చే పద్ధతి 1935లో బ్రిటన్‌లో బక్ రక్స్‌టన్ అనే హంతకుడి కేసులో పేరుకొచ్చింది.

ఇక డీఎన్‌ఏ. ఎముక పైపొరను గీకి, కడిగి, ద్రవ నైట్రోజన్ చలిలో పెట్టి మెత్తని పొడిగా దంచుతారు. ఆ చలి లేకపోతే దంచేటప్పుడు పుట్టే వేడికే మిగిలిన కాస్త డీఎన్‌ఏ పాడవుతుంది. పొడిలోని కాల్షియాన్ని రసాయనాలతో కరిగించి లోపలి కణాల జాడ బయటికి తీస్తారు. చెవి లోపలి భాగాన్ని కప్పి ఉంచే గట్టి ఎముక, పళ్లు, తొడ ఎముక ఇందుకు మేలైనవి.

కేంద్రకంలోని డీఎన్‌ఏ దొరక్కపోతే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు) డీఎన్‌ఏ ఉంది. ఒక్కో కణంలో వందలు, వేల ప్రతులు ఉంటాయి కాబట్టి పాత ఎముకల్లోనూ మిగులుతుంది. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి. ఆయన సోదరి ఆడ సంతానం వరసలో ఇప్పుడున్నవాళ్లతో అది కలిసింది. దీని పరిమితి ఏమిటంటే, తల్లి వరస చుట్టాలందరికీ ఒకటే ఉంటుంది కాబట్టి ఇది వంశాన్ని చూపిస్తుంది, మనిషిని కాదు.

పూర్తిగా కాలిపోతే?

పైన ఎంత కాలినా లోపల కండరం, పళ్లు కాపాడబడి ఉండొచ్చు. కానీ ఎముక తెల్లగా సున్నంలా మారిపోయిందంటే డీఎన్‌ఏ ఆశ దాదాపు ఉండదు. 2018లో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ పట్టణాన్ని కాల్చేసిన కార్చిచ్చులో 85 మంది పోయారు. అక్కడ రెండు గంటల్లోపే ఫలితం ఇచ్చే ర్యాపిడ్ డీఎన్‌ఏ యంత్రాలు వాడారు.

కొన్నిసార్లు ఏళ్లకు ఏళ్లు ఎందుకు పడుతుంది?

ఒక మంచి నమూనాకు ల్యాబ్ పని రెండు మూడు రోజులే. ఆలస్యమంతా వేరే చోట ఉంటుంది: పేరుకుపోయిన కేసులు, దొరకని చుట్టాలు, పాడైపోయిన అవశేషాలు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో మరణించిన 2,753 మందిలో దాదాపు 1,100 మంది అవశేషాలను ఇప్పటికీ గుర్తించలేకపోయారు. కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా పాత ముక్కలను మళ్లీ పరీక్షిస్తూనే ఉన్నారు.

బోస్నియాలో 1995 జూలైలో స్రెబ్రెనిత్సా దగ్గర దాదాపు 8,000 మంది మగవాళ్లను, అబ్బాయిలను చంపి సామూహికంగా పాతిపెట్టారు. కొన్ని నెలల తర్వాత నేరం దాచడానికి యంత్రాలతో గుంతలు తవ్వి దేహాలను వేరే చోట్లకు తరలించారు. దాంతో ఒకే మనిషి ఎముకలు వేర్వేరు గుంతల్లో దొరికాయి. చుట్టాల రక్త నమూనాలతో పోల్చి దాదాపు 7,000 మందిని గుర్తించారు. ఒక ఎముకో రెండో దొరికినప్పుడు ఇప్పుడే ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్న నిర్ణయం కుటుంబానిదే. అలాంటి నిర్ణయం ఎవరికైనా భారమే, ఆ విషయంలో వాళ్లను ఎవరూ తొందరపెట్టకూడదు.

పురుగులు, మొక్కలు కూడా సాక్ష్యం చెప్తాయా?

చెప్తాయి. చనిపోయిన కాసేపటికే ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ పురుగులు ఏ దశలో ఉన్నాయో, అప్పటి ఉష్ణోగ్రత ఎంతో చూసి చనిపోయి కనీసం ఎన్ని రోజులైందో లెక్కిస్తారు. 1992లో అరిజోనాలో ఒక హత్య కేసులో నిందితుడి ట్రక్కులో దొరికిన చెట్టు కాయలు, శవం దొరికిన చోటున్న చెట్టువేనని ఆ చెట్టు డీఎన్‌ఏతో తేల్చారు. 1994లో కెనడాలో ఒక జాకెట్ మీద దొరికిన తెల్ల పిల్లి బొచ్చు నిందితుడి ఇంటి పిల్లిదని తేలింది.

ఈ శాస్త్రం బతికున్నవాళ్లను కూడా కలిపిందా?

అర్జెంటీనాలో 1976 నుంచి 1983 వరకు సాగిన సైనిక పాలనలో మాయం చేసిన గర్భిణులకు పుట్టిన బిడ్డలను వేరేవాళ్లకు ఇచ్చేశారు. తల్లిదండ్రులు లేరు. పోల్చడానికి మిగిలింది అమ్మమ్మలు, నానమ్మలు. వాళ్లే సంఘంగా ఏర్పడి, మనవలను గుర్తించే పద్ధతి కావాలని శాస్త్రవేత్తలను అడిగారు. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ ఆ పనిలో ముఖ్యపాత్ర పోషించారు. 1987లో ఆ కుటుంబాల రక్త నమూనాలు దాచే జాతీయ బ్యాంకును చట్టంతో పెట్టారు. ఇప్పటికి 130 మందికి పైగా మనవలు ఎవరి బిడ్డలో తెలిసింది. ఒక శాస్త్ర పద్ధతిని ఆ పెద్దవాళ్లు అడిగి, పట్టుబట్టి సాధించుకున్నారు. అది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

నా నమూనా ఇస్తే తర్వాత దాన్ని ఏం చేస్తారు?

ఇచ్చే ముందే అడగాల్సిన ప్రశ్న ఇది. తప్పిపోయిన చుట్టం కోసం ఇచ్చిన నమూనాను నేరస్థుల డేటాబేస్‌తో పోల్చకూడదు. అలా పోలుస్తారన్న భయం ఉంటే కుటుంబాలు ముందుకు రావు. దేన్ని పోల్చడానికి వాడతారు, ఎంతకాలం ఉంచుతారు, మనిషి దొరికాక నాశనం చేస్తారా, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చా అన్న నాలుగు విషయాలూ సమ్మతి పత్రంలో ఉండాలి. మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.